బొంగరం బాబుకి, లక్కపిడతలు పాపకి

ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, గింజలూ బెరడూ ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పట్టించి బొంగరాలు చేస్తారు. అదే కర్రతో, అదే లక్కతో, అదే చేతులు లక్కపిడతలూ చేస్తాయి. తయారయ్యే చోట ఆ బొమ్మలకు ఆడా మగా తేడా లేదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు దాటి, తిరునాళ్ళ అంగడికో నగరంలోని షాపుకో చేరి, కొనేవాళ్ళ చేతికి వచ్చాకే ఆ తేడా అంటుకుంటుంది. బొంగరం అబ్బాయి జేబులోకి వెళ్తుంది. బుల్లి పొయ్యీ, బిందే, తిరగలీ అమ్మాయి ముందుకు చేరతాయి.

బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్టయినా, మాల్‌లో పెద్ద షోరూమైనా, బొమ్మ కావాలనగానే ముందు వినిపించే మాట "బాబుకా, పాపకా?" అన్నదే. ఎన్నేళ్ళ పిల్లలన్నది ఆ తర్వాత. అమ్మేవాళ్ళు తప్పనిసరిగా అడగాల్సింది మాత్రం ఈ రెండోదే. మూడేళ్ళలోపు పిల్లలు చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటారు, చిన్న ముక్కలు గొంతుకి అడ్డుపడతాయి, అందుకే డబ్బా మీద వయసు వేస్తారు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఆ గుర్తు కోసం చేసే పరీక్షల్లో పదునైన అంచులు చూస్తారు, సీసం లాంటి విషపదార్థాలు చూస్తారు, మంట త్వరగా అంటుకుంటుందేమో చూస్తారు. బొమ్మ అబ్బాయిదో అమ్మాయిదో తేల్చే పరీక్ష మాత్రం లేదు. డబ్బా మీది వయసుకి ప్రాణభద్రత కారణం. అదే డబ్బా మీది గులాబీ, నీలం రంగులకు వ్యాపారం తప్ప మరో కారణం కనిపించదు.

అలాగని ఇదంతా పెద్ద కంపెనీలు వచ్చాక పట్టుకున్న జబ్బు అనుకుంటే పొరపాటే. తెలుగు ఇళ్ళలో ఆటల పంపకం ఎప్పటినుంచో ఉంది. ఆడపిల్లలకు గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళి, అచ్చనగండ్లు, వామనగుంటలు. మగపిల్లలకు గోలీలు, బొంగరం, బిళ్ళంగోడు, గాలిపటం. మొదటివి చాలావరకు అరుగు మీదో, వసారాలోనో, పెరట్లోనో కూర్చుని ఆడేవి. రెండోవి వీధిలో పరుగెత్తి ఆడేవి. ఆటలతోపాటు చోటునూ పంచేశారన్నమాట. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి పల్లె బొమ్మల్లోనూ ఈ పంపకం కనిపిస్తుంది. బండి తోలేది, తాటిచెట్టెక్కేది మగవాళ్ళు. చల్ల చిలికేది, తిరగలి విసిరేది ఆడవాళ్ళు. ఆ కళాకారులు అబద్ధమేమీ చెక్కలేదు, కళ్ళముందున్న ఊరినే చెక్కారు.

కాకపోతే ఆ రోజుల్లో రెండు వెసులుబాట్లుండేవి. దాగుడుమూతలు, ఏడుపెంకులాట అందరివీ. పైగా బంకమట్టి, చింతగింజలు, తాటిబుర్రలు డబ్బు పెట్టి కొనేవి కావు కాబట్టి వాటి మీద ఎవరి పేరూ రాసి ఉండేది కాదు. ఇంకో సంగతి, ఆడపిల్లల ఆట అని పక్కన పెట్టేసిన వామనగుంటల్లో ఉన్న లెక్క తక్కువదేమీ కాదు. ఏ గుంట తీస్తే పంపకం ఎక్కడ ఆగుతుందో, ఎదుటివాళ్ళకి ఎన్ని గింజలు మిగులుతాయో ముందే లెక్కగట్టాలి. అదే ఆట ఇవాళ రంగుల డబ్బాలో 'బ్రెయిన్ గేమ్' అని వస్తే అబ్బాయి పుట్టినరోజుకి కొనిపెడతారు.

గులాబీ అమ్మాయిలది, నీలం అబ్బాయిలది అన్న పట్టింపు మాత్రం మన దగ్గర పుట్టింది కాదు. అది వచ్చిన అమెరికాలోనూ అనాదిగా ఉన్నది కాదు. 1918లో అక్కడి పిల్లల దుస్తుల వ్యాపార పత్రిక ఒకటి, గులాబీ గట్టి రంగు కాబట్టి అబ్బాయిలకు, నీలం సుకుమారం కాబట్టి అమ్మాయిలకు బాగుంటుందని రాసింది. సరిగ్గా తిరగేసిన లెక్క. ఎలిజబెత్ స్వీట్ అనే సామాజిక శాస్త్రవేత్త సియర్స్ అనే అమెరికన్ దుకాణాల కంపెనీ పాత కేటలాగులు పరిశీలించి చెప్పిన విషయం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 1975 నాటి ప్రకటనల్లో ఫలానా బొమ్మ అబ్బాయిలకనో అమ్మాయిలకనో నేరుగా చెప్పినవి 2 శాతం కూడా లేవు. స్త్రీవాద ఉద్యమం బలంగా ఉన్న కాలం అది. తర్వాత కాలం వెనక్కి నడిచింది. 1984లో అమెరికా ప్రభుత్వం పిల్లల టీవీ కార్యక్రమాల మీద ఆంక్షలు సడలించింది. బొమ్మను అమ్మడానికే కార్టూన్ సీరియల్ తీసే పద్ధతి ఊపందుకుంది. ఒక్కో కార్టూన్‌కి ఒక్కో రకం ప్రేక్షకులు, ఒక్కో రంగు. మన దగ్గర 1991 సంస్కరణల తర్వాత విదేశీ బ్రాండ్లు, 1995లో కార్టూన్ నెట్‌వర్క్ లాంటి ఛానెళ్ళు వచ్చాయి. ఆ సరుకుతోపాటు ఆ రంగుల వర్గీకరణా దిగింది.

ఇందులో వ్యాపార సూత్రం సులువు. అక్క తొక్కిన ఎర్ర సైకిలు తమ్ముడికి పనికొస్తుంది. అక్కది బుట్టా, కుచ్చులూ ఉన్న గులాబీ సైకిలైతే తమ్ముడికి ఇంకొకటి కొనాల్సిందే. ధరలోనూ తేడా ఉండొచ్చు. న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ 2015లో ధరలు పోల్చి చూస్తే, ఒకే కంపెనీ పసిపిల్లల స్కూటర్ ఎరుపుది 24.99 డాలర్లకు, గులాబీది 49.99 డాలర్లకు ఒకే చోట అమ్మకానికి కనిపించింది. బిడ్డ ఆడో మగో ముందే తెలియడం కూడా ఈ వ్యాపారానికి బాగా కలిసొచ్చిందని చరిత్రకారులు అంటారు, పుట్టకముందే గదికి రంగు వేసేయొచ్చు కదా. మన దేశంలో 1994 నాటి చట్టం లింగనిర్ధారణను నిషేధించింది కాబట్టి ఆ హడావుడి బిడ్డ పుట్టేదాకా ఆగుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళకి ఆ అడ్డు లేదు. సీమంతంతోపాటు 'జెండర్ రివీల్' కేకు కోసే కుటుంబాలూ ఉన్నాయి.

పెద్దవాళ్ళు కావాలని ఇలా చేస్తారని కాదు. 1978లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోలిన్ స్మిత్, బార్బరా లాయిడ్ 32 మంది తల్లులతో ఒక ప్రయోగం చేశారు. ఆర్నెల్ల పసివాళ్ళకి ఒకసారి ఆడపిల్ల బట్టలు, ఒకసారి మగపిల్లాడి బట్టలు వేసి, పేరూ మార్చి, ఆడించమని ఇచ్చారు. అబ్బాయి అనుకున్నప్పుడు తల్లులు ముందుగా సుత్తి ఆకారపు బొమ్మ అందించారు, కాళ్ళూ చేతులూ ఆడించేలా ఉత్సాహపరిచారు. అమ్మాయి అనుకున్నప్పుడు మెత్తటి బొమ్మ అందించారు. బిడ్డ అడిగిందేమీ లేదు, ఆర్నెల్ల బిడ్డ ఏం అడుగుతుంది? చేతిలో ఏది పెడితే దాన్నే చప్పరిస్తుంది.

"కాదండీ, పుట్టుకతోనే తేడా ఉంటుంది, మా వాడికి ఎన్ని బొమ్మలిచ్చినా కారు దగ్గరికే వెళ్తాడు" అనే తల్లిదండ్రుల మాటను కొట్టిపారేయడానికి లేదు. సగటున అబ్బాయిల, అమ్మాయిల ఎంపికల్లో తేడా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. అది రెండేళ్ళలోపే మొదలవుతుంది. పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ గ్రంథి సమస్య వల్ల కడుపులో ఉండగానే ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావం ఎక్కువగా పడిన ఆడపిల్లలు, తోటి ఆడపిల్లలకంటే కార్లూ బ్లాకులతో ఎక్కువ ఆడతారని 1992లో షెరీ బెరెన్‌బామ్, మెలిస్సా హైన్స్ చూపించారు. కాబట్టి జీవశాస్త్రానికి కొంత పాత్ర ఉంది.

ఎంత పాత్ర అన్న దగ్గరే తగువు. పుట్టుకతోనే తేడా అన్న వాదనకి అండగా కోతుల మీద 2002లో వచ్చిన అధ్యయనాన్ని తరచూ చెబుతారు. గెరియాన్ అలెగ్జాండర్, మెలిస్సా హైన్స్ 88 వెర్వెట్ కోతులకు ఆరు బొమ్మలిచ్చారు. మగకోతులు బంతితో, పోలీసు కారుతో ఎక్కువసేపు గడిపాయి. ఆడకోతులు పిల్ల బొమ్మతో, వంట గిన్నెతో ఎక్కువసేపు గడిపాయి. పత్రికలకి మంచి శీర్షిక దొరికింది. కానీ ఆ గిన్నె దగ్గర ఆగి చూడాలి. కోతులు వండుకోవు. ఏ ఆడకోతికీ తల్లి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వంట నేర్పలేదు. గిన్నె వాటికి 'ఆడ' వస్తువు ఎలా అవుతుంది? రంగు వల్లా, ఆకారం వల్లా, చేతికి ఇమిడే తీరు వల్లా? ఈ ప్రశ్నకి 'వంట ఆడవాళ్ళ సహజ గుణం' అన్నది జవాబు కానే కాదు. 2008లో రీసస్ కోతులతో చేసిన ఇంకో అధ్యయనంలో మగవి చక్రాల బొమ్మల వైపు గట్టిగా మొగ్గితే, ఆడవి మెత్తటి బొమ్మలతోనూ చక్రాల బొమ్మలతోనూ ఆడాయి. కదిలే వస్తువు మీద ఇష్టం పుట్టుకతో రావచ్చు. రిమోట్ కారు అబ్బాయిది, కిచెన్ సెట్ అమ్మాయిది అన్న సూత్రం పుట్టుకతో రాదు.

రెండు మూడేళ్ళ మధ్య పిల్లలు తాము ఆడో మగో చెప్పడం నేర్చుకుంటారు. అక్కణ్ణుంచి ఐదారేళ్ళ వరకూ వాళ్ళంత ఛాందసులు ఉండరు. కొత్తగా ఒక నియమం తెలిసినవాళ్ళకి దాన్ని అన్నిచోట్లా అమలు చేయాలన్న పట్టుదల ఉంటుంది. "ఇది గర్ల్స్ కలర్, నాకొద్దు" అని మూడేళ్ళవాడు గిన్నె విసిరేయడం ఇందులో భాగమే. ఏడేళ్ళ తర్వాత ఆ బిగువు కాస్త సడలుతుంది. 1995లో కరోల్ మార్టిన్ బృందం పిల్లలు ఎప్పుడూ చూడని బొమ్మలు తెచ్చి, కొన్నిటిని అబ్బాయిలకు నచ్చేవనీ కొన్నిటిని అమ్మాయిలకు నచ్చేవనీ చెప్పింది. ఎంత ఆకర్షణీయమైన బొమ్మైనా అది అవతలివాళ్ళదని చెప్పగానే పిల్లల ఆసక్తి పడిపోయింది. బొమ్మ మారలేదు, మాట మాత్రమే మారింది. 'మా వాడికి అదే ఇష్టం' అనడానికి ముందు ఆ ఇష్టానికి ఎన్ని మాటలు, ఎన్ని డబ్బాల రంగులు, ఎన్ని ప్రకటనలు తోడయ్యాయో లెక్క వేయాలి.

అన్నప్రాసన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి, పండు పెట్టి దేన్ని పట్టుకుంటుందో చూసే వేడుక చాలా ఇళ్ళలో ఉంది. అక్కడ పళ్ళెం సాధారణంగా ఒకటే, పాకేది పాపైనా బాబైనా. ఏడాది తిరిగి మొదటి పుట్టినరోజు వచ్చేసరికి ఆ పళ్ళెం రెండుగా చీలుతుంది. వచ్చిన పిల్లలకిచ్చే రిటర్న్ గిఫ్ట్ సంచుల్లోనూ రెండు రకాలు ఉంటాయి, వాటిలో ఒకదాంట్లో క్లిప్పులు, ఒకదాంట్లో కార్లు. దీపావళికి రీలు తుపాకీ అబ్బాయికి, కాకరపువ్వొత్తులు అమ్మాయికి.

ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకుని, అమ్మాయికి బ్లాకులూ, సైన్స్ కిట్లూ కొంటారు. మంచిదే. షికాగో విశ్వవిద్యాలయంలో సూసన్ లెవీన్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య ఇంట్లో పజిల్స్ పేర్చిన పిల్లలు నాలుగున్నరేళ్ళకి ఆకారాలను మనసులో తిప్పి చూసే పరీక్షలో మెరుగ్గా ఉన్నారు. అబ్బాయిలు కష్టమైన పజిల్స్ పేర్చారు, వాళ్ళతో తల్లిదండ్రులు 'మూల, అంచు, తిప్పు' లాంటి మాటలు ఎక్కువ మాట్లాడారు. అంటే బొమ్మ కొనడంతో పని అయిపోదు, పక్కన కూర్చోవాలి. అమ్మాయిల విషయంలో తెలుగు మధ్యతరగతి ఈపాటికి చాలా దూరం వచ్చింది. ఇంజనీరింగ్ సీటు లెక్క తెలిసిన తల్లిదండ్రులకు ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

రెండో సగం గురించే ఎవరూ మాట్లాడరు. అబ్బాయికి పిల్లబొమ్మా, కిచెన్ సెట్టూ కొనే ఇల్లు ఎన్ని? అమ్మాయి క్రికెట్ బ్యాట్ పట్టుకుంటే "మా అమ్మాయి మగరాయుడండీ" అని మురిసిపోతారు. మిథాలీ రాజ్, సింధు పేర్లు ఆ మురిపానికి తోడవుతాయి. అబ్బాయి బొమ్మకి జడ వేస్తే "ఆడంగి" అంటారు, అదీ నవ్వుతూ కాదు. ఆడపిల్ల గీత దాటితే పైకి ఎక్కినట్టు, మగపిల్లాడు దాటితే కిందికి జారినట్టు లెక్క. బొమ్మల గురించిన చర్చంతా ఈ ఒక్క తేడా దగ్గర అసలు రంగు బయటపెడుతుంది. సమానత్వం పేరుతో అబ్బాయిల బొమ్మలు అమ్మాయిలకు ఇస్తున్నాం కానీ, అమ్మాయిల బొమ్మల్ని, వాటి వెనకున్న పనుల్ని, ఇంకా తక్కువవిగానే చూస్తున్నాం.

ఇది మనకే పరిమితం కాదు. ప్లాస్టిక్ బ్లాకులు తయారుచేసే లెగో కంపెనీ 2021లో ఏడు దేశాల్లో చేయించిన సర్వేలో, అవతలివాళ్ళ బొమ్మతో ఆడితే ఎగతాళి చేస్తారని భయపడే అబ్బాయిలు 71 శాతం, అమ్మాయిలు 42 శాతం ఉన్నారు. భయపెట్టేదెవరన్నదానికి అంతకన్నా పాత జవాబు ఒకటుంది. 1980లో జుడిత్ లాంగ్‌లోయ్, క్రిస్ డౌన్స్ మూడేళ్ళ, ఐదేళ్ళ పిల్లలతో చేసిన అధ్యయనంలో, కొడుకు ఆడపిల్లల బొమ్మలు పట్టుకుంటే ఎక్కువగా అడ్డుకున్నది తండ్రులు. కంపెనీలకి ఈ భయం ఎప్పుడో తెలుసు. 1964లో హాస్‌బ్రో అనే అమెరికన్ బొమ్మల కంపెనీ జీ.ఐ. జో సైనికుణ్ణి తెచ్చినప్పుడు, బట్టలు మార్చుకునే ఆ బొమ్మను అబ్బాయిలకి అమ్మడం కోసం 'డాల్' అన్న పేరు దగ్గరికి రానివ్వకుండా 'యాక్షన్ ఫిగర్' అంది.

వింత ఏమిటంటే వంటను మెచ్చుకోవాలంటే మనం నలభీమపాకం అంటాం. ఆ ఇద్దరూ మగవాళ్ళే. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర నిలబడేది, టిఫిన్ సెంటర్లో దోసె తిప్పేది, బిర్యానీ దమ్ వేసేది ఎక్కువగా మగవాళ్ళే. డబ్బు వచ్చే వంటకి మగవాడు పనికొస్తాడు. డబ్బు రాని వంట మాత్రం అమ్మాయి చేతిలోని ప్లాస్టిక్ కుక్కర్ దగ్గర మొదలై ఆమెదే అవుతుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే మహిళలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో మహిళల సమయం 289కి తగ్గింది. మగవాళ్ళు అందుకున్నారు కాబోలు అనుకుంటే, వాళ్ళదీ 88కి తగ్గింది.

బొమ్మతో ఆడటం వల్ల అబ్బాయికి ఏం ఒరుగుతుందన్న ప్రశ్నకి కార్డిఫ్ విశ్వవిద్యాలయం 2020లో ఒక జవాబిచ్చింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు 33 మంది బొమ్మలతో ఆడుతున్నప్పుడు, ఎదుటివాళ్ళ మనసు గురించి ఆలోచించేటప్పుడు పనిచేసే మెదడు భాగం చురుగ్గా ఉండటం గమనించారు. ఒంటరిగా ఆడుతున్నా అంతే. టాబ్లెట్‌లో ఆట ఆడుతున్నప్పుడు ఒంటరిగా ఉంటే అంత చురుకు కనబడలేదు. అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఫలితంలో తేడా లేదు. ఈ పరిశోధనకి డబ్బు పెట్టింది బార్బీ తయారుచేసే మాటెల్ కంపెనీ అన్నది కూడా చెప్పుకోవాలి. ఫలితాన్ని కాస్త అనుమానంగానే తీసుకున్నా, బొమ్మకి జ్వరం వచ్చిందని మాత్ర వేసి పడుకోబెట్టే పిల్లవాడు ఏదో నేర్చుకుంటున్నాడన్నది ఊహకి అందని విషయమేమీ కాదు.

చట్టాలు కొన్నిచోట్ల కదిలాయి. కాలిఫోర్నియాలో 500 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న పెద్ద దుకాణాల్లో, ఆడా మగా తేడా లేకుండా బొమ్మలు పెట్టే అర ఒకటైనా ఉండాలని 2021లో చట్టం చేశారు. అది 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అబ్బాయిల, అమ్మాయిల విభాగాలు తీసేయమని అందులో లేదు. జరిమానా మొదటిసారి 250 డాలర్లకు మించదు. స్పెయిన్‌లో 2022 డిసెంబరు నుంచి బొమ్మల ప్రకటనల్లో మూసపాత్రలు వద్దన్న నియమావళి నడుస్తోంది. లెగో 1974లోనే డబ్బాలో పెట్టిన చీటీలో, చాలామంది అబ్బాయిలకి బొమ్మరిళ్ళు ఇష్టం, చాలామంది అమ్మాయిలకి అంతరిక్ష నౌకలు ఇష్టం అని తల్లిదండ్రులకు రాసింది. అదే కంపెనీ 2012లో అమ్మాయిల కోసమంటూ వేరే లేత రంగుల వరస తెచ్చి విమర్శలు మూటగట్టుకుంది, 2021లో మళ్ళీ మూసలు తొలగిస్తామంది. కంపెనీలు గాలి ఎటు వీస్తే అటు తిరుగుతాయి, వాటి మాట మీద మరీ ఆశ పెట్టుకోనక్కర్లేదు.

మన దగ్గర అంతకంటే అందుబాటులో ఉన్నది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు, అంటే సరిగ్గా ఆ ఛాందసపు వయసువాళ్ళు, ఒకే గదిలో ఒకే బొమ్మలతో కూర్చుంటారు. పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ కోసం 2023 ఫిబ్రవరిలో విడుదలైన 'జాదుయి పిటారా' (మాయా పెట్టె) అనే బోధన సామగ్రిలోనూ మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు బొమ్మలు, పజిల్స్, ఆటలతోనే చదువు. సామాను చాలావరకు ఉంది, అమరికే చూసుకోవాలి. బ్లాకుల మూల ఒకవైపు, బొమ్మల మూల ఇంకోవైపు పెడితే పావుగంటలో అబ్బాయిలొక మూల, అమ్మాయిలొక మూల చేరతారు. రెండింటినీ ఒకే చాప మీద పరిస్తే బ్లాకులతో ఇల్లు కట్టి, ఆ ఇంట్లోనే అన్నం వండుతారు. "అబ్బాయిలంతా ఇటు, అమ్మాయిలంతా అటు" అని వరసలు కట్టించే అలవాటు మానుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఇళ్ళలో అయితే పుట్టినరోజు సంచులతో మొదలుపెట్టవచ్చు. రంగు పెన్సిళ్ళు, మైనపు బంకమట్టి, బొంగరం, బుడగలూదే సీసా. అందరికీ ఒకటే సంచి అయితే ఎంతమంది బాబులొస్తారో, ఎంతమంది పాపలొస్తారో ముందురోజు ఫోన్లు చేసి కనుక్కునే పని కూడా తప్పుతుంది.